నూట ఇరవై రూపాయలు ఎక్కడున్నాయి?

2025 ఏప్రిల్ 12. చైత్ర పౌర్ణమి. హైదరాబాద్ గౌలిగూడ రామమందిరం నుంచి హనుమాన్ శోభాయాత్ర సికింద్రాబాద్ తాడ్‌బండ్ ఆలయానికి బయల్దేరే రోజు. దారి పొడవునా కాషాయ జెండాలు, బారికేడ్లు, చెవులు చిల్లులు పడే డీజేలు. ఎండ మాడు పగలగొడుతోంది. కోఠి దగ్గర రోడ్డు పక్కన కొబ్బరి బొండాల బండి. ఒక తండ్రి కొడుకును భుజం మీద ఎక్కించుకుని వచ్చాడు. రెండు బొండాలు, నూట ఇరవై రూపాయలు. క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టాడు.

తెర మీద చక్రం తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉంది.

"అన్నా, నా అకౌంట్ల కెళ్లి కట్ అయినయ్. మెసేజ్ గూడ వచ్చింది, సూడు."

"నా బాక్స్ మోగలేదన్నా."

"మోగుతది. జర ఆగు."

"ఇందాకటి సంది నలుగురు గిట్లనే అన్నరు. బొండాలు తాగి పోయిన్రు."

ఈ తండ్రికీ బండివాడికీ పేర్లు లేవు, మాటలు నేను అల్లినవి. ఆ మధ్యాహ్నం దేశమంతటా లెక్కలేనన్ని కొట్ల ముందు నడిచిన తగువును ఇద్దరి నోట పెట్టానంతే. ఆ డబ్బు ఏ దారిన వెళ్లి ఎక్కడ చిక్కుకుందన్నది మాత్రం కల్పన కాదు.

ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడటం లేదు. తండ్రి ఖాతాలోంచి డబ్బు నిజంగానే పోయింది. డబ్బు పడిందని చెప్పే బండివాడి బాక్స్ నిజంగానే మోగలేదు. మరి ఆ నూట ఇరవై ఎక్కడున్నట్టు? బ్యాంకుకు వెళ్లి అడుగుదామంటే ఆ రోజు రెండో శనివారం, తాళాలు వేసి ఉన్నాయి. జేబులో నోట్లు పెట్టుకోవడం చాలామంది మానేసి ఏళ్లయింది.

పదకొండున్నర ప్రాంతంలో మొదలైన ఈ యూపీఐ గొడవ సాయంత్రం నాలుగున్నర దాటేదాకా సాగింది. కొన్ని చెల్లింపులు పోతున్నాయి, కొన్ని పోవడం లేదు. అసలు చిరాకు అక్కడే. మొత్తంగా ఆగిపోతే అందరూ చేతులెత్తేసి ఏటీఎం వెతుక్కునేవారు. పక్కవాడికి పనిచేస్తుంటే మనమూ మళ్లీ మళ్లీ నొక్కుతాం. అప్పుడప్పుడు సాంకేతిక ఇబ్బందులు వస్తున్నాయనీ, అందువల్ల కొన్ని లావాదేవీలు విఫలమవుతున్నాయనీ యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్, అంటే ఎన్‌పీసీఐ, ఒక ప్రకటన విడుదల చేసింది. మార్చి 26 సాయంత్రం ఒకసారి, ఏప్రిల్ 2న ఇంకోసారి యూపీఐ ఇలాగే తడబడింది. మూడు వారాలు తిరక్కుండానే ఇది.

విచిత్రమేమిటంటే, ముందురోజే యూపీఐకి తొమ్మిదేళ్లు నిండాయి. 2016 ఏప్రిల్ 11న ముంబయిలో అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నర్ రఘురామ్ రాజన్ 21 బ్యాంకులతో దీన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించారు. 2025 మార్చి నెల ఒక్కదానిలో యూపీఐ మీద జరిగినవి 1,830 కోట్ల లావాదేవీలు, చేతులు మారిన మొత్తం 24.77 లక్షల కోట్ల రూపాయలు. సగటు వేస్తే సెకనుకు 6,800 పైచిలుకు. బొండాల బండి నుంచి బంగారం కొట్టు దాకా అన్నీ ఒకే స్విచ్ గుండా పోవాలి.

ఇప్పుడు ఆ తండ్రి పిన్ కొట్టిన క్షణానికి వెనక్కి వెళ్దాం.

అతని ఫోన్‌లోని యాప్ బండివాడి బ్యాంకుతో నేరుగా మాట్లాడదు. యాప్ వెనక ఒక బ్యాంకు ఉంటుంది. అది ఎన్‌పీసీఐ స్విచ్‌కు ఒక కోరిక పంపుతుంది: ఫలానా ఖాతా నుంచి ఫలానా చిరునామాకు నూట ఇరవై. పిన్ ఫోన్‌లోనే రహస్య సంకేతంగా మారిపోతుంది కాబట్టి మధ్యలో యాప్ కంపెనీ కూడా దాన్ని చదవలేదు. స్విచ్ వెంటనే "అందింది" అని జవాబిస్తుంది. అందింది కోరిక మాత్రమే, డబ్బు కాదు. పని అయిందా లేదా అన్న సంగతి తర్వాత వేరే మెసేజిగా వస్తుంది. యూపీఐ నిర్మాణమంతా ఈ పద్ధతి మీదే నిలబడి ఉంది. ఎవరూ ఫోను పట్టుకుని లైన్‌లో ఉండరు. అడిగినవాడు అడిగి పెట్టేస్తాడు, జవాబు దొరికినవాడు తిరిగి చేస్తాడు.

స్విచ్ మొదట బండివాడి వైపు బ్యాంకును అడుగుతుంది: ఈ చిరునామా ఎవరిది, ఏ ఖాతా? జవాబు వచ్చాక తండ్రి బ్యాంకుకు చెబుతుంది: పిన్ సరిచూసుకో, నూట ఇరవై తీసేయ్. తీసేశానని కబురు వచ్చాక బండివాడి బ్యాంకుకు: నూట ఇరవై వెయ్. వేశానని వచ్చాక అటూ ఇటూ ఇద్దరికీ ఫలితం. ప్రతి మెసేజికీ ఒక "అందింది" ఉంటుంది కనుక అన్నీ కలిపితే పదిహేను దాటుతాయి. మామూలు రోజున ఇదంతా బొండానికి స్ట్రా పెట్టేలోపు అయిపోతుంది.

ఇన్ని సంస్థల మధ్య, ఇన్ని మెసేజిల మధ్య, ఏది ఏ కథలోదో ఎలా తెలుస్తుంది? వెబ్‌కు పుట్టుకతోనే మతిమరుపు. ఒక అభ్యర్థన వస్తుంది, జవాబు పోతుంది, సర్వర్ దాన్ని మరిచిపోతుంది. నిన్న వచ్చినవాడే మళ్లీ వచ్చాడని గుర్తుపట్టడానికి 1994లో నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మాంటుల్లి కుకీ అనే చీటీని కనిపెట్టాల్సి వచ్చింది. ఆన్‌లైన్ కొట్లో బుట్ట నింపుకున్నవాడు పేజీ మార్చగానే బుట్ట ఖాళీ అయిపోకూడదు కదా. డబ్బు విషయంలో చీటీ చాలదు. అందుకని ప్రతి యూపీఐ లావాదేవీకి మొదటి అడుగులోనే 35 అక్షరాల గుర్తింపు సంఖ్య పడుతుంది. మొదటి మెసేజి నుంచి చివరిదాకా అదే సంఖ్య మోస్తారు. అదే సంఖ్యతో "నూట ఇరవై తీసేయ్" అని పొరపాటున రెండుసార్లు వచ్చినా బ్యాంకు ఒక్కసారే తీయాలి. మనకు కనిపించే 12 అంకెల రిఫరెన్స్ నంబరు దాని చుట్టమే. బ్యాంకు కస్టమర్ కేర్‌వాళ్లు మొదట అడిగేది దాన్నే.

కోఠి బండి దగ్గర ఏమైందంటే, మూడో అడుగు పడింది. డబ్బు తీశారు. నాలుగో అడుగులో బండివాడి బ్యాంకుకు "వెయ్" అని పోయింది. జవాబు రాలేదు.

జవాబు రాలేదంటే ఎన్ని అర్థాలు! కోరిక దారిలోనే పోయి ఉండవచ్చు. కోరిక చేరినా బ్యాంకు సర్వర్ పడిపోయి ఉండవచ్చు. డబ్బు వేసేశాక, వేశానన్న కబురే దారిలో తప్పిపోయి ఉండవచ్చు. మొదటి రెండిట్లో డబ్బు వెనక్కి ఇవ్వాలి. మూడోదాంట్లో వెనక్కి ఇస్తే బండివాడికీ ఉంటుంది, తండ్రికీ ఉంటుంది, మధ్యలో ఏదో బ్యాంకు మునుగుతుంది. స్విచ్ నుంచి చూస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి. "కుదరదు" అన్న జవాబు ఎంత హాయో! ఆ మాట వస్తే డబ్బు తిప్పి పంపించేయవచ్చు. ఏమీ రాకపోవడమే ప్రాణం తీస్తుంది.

ఈ చిక్కుకు లెక్కల రూపం ఇచ్చినవాళ్లు 1975లోనే ఉన్నారు. న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో అక్కోయున్లు, ఏకనాథం, హ్యూబర్ అనే ముగ్గురు. వాళ్ల పత్రంలో రెండు గ్యాంగ్‌స్టర్ ముఠాలు కలిసి ఒక పని చేయాలి, మధ్యలో కబురు మోసేవాడు నమ్మదగినవాడు కాదు. 1978లో జిమ్ గ్రే ముఠాలను సేనాధిపతులుగా మార్చి ఇద్దరు జనరల్స్ చిక్కుముడి అన్నాడు. ఆ పేరే నిలిచింది. రెండు కొండల మీద రెండు సైన్యాలు, లోయలో శత్రువు. ఇద్దరూ ఒకేసారి దూకితేనే గెలుపు. "రేపు పొద్దున్నే" అని ఒకడు దూతను పంపాడు. దూత చేరాడో లేదో తెలియదు. అవతలివాడు "సరే" అని పంపాడు. ఆ "సరే" చేరిందో లేదో అతనికి తెలియదు. దానికి మళ్లీ రసీదు, ఆ రసీదుకు రసీదు. ఎన్నిసార్లు పంపుకున్నా చివరి దూత చేరాడా అన్న అనుమానం ఎవరో ఒకరికి మిగిలే ఉంటుంది. ఎన్ని మెసేజిలతోనూ ఇద్దరికీ పూర్తి నమ్మకం రాదని వాళ్లు తేల్చారు. కంప్యూటర్ వేగం పెరిగినా, తీగ బదులు గాజు పోగు వేసినా ఇది మారదు.

అందువల్ల యూపీఐ ఆ క్షణంలో నిశ్చయం కోసం పాకులాడదు. డబ్బు వేయాల్సిన బ్యాంకు పలకకపోతే, వేసినట్టే అనుకుని ముందుకు పోతుంది, లెక్క తర్వాత తేల్చుకుంటుంది. ఈ మధ్యలో కంగారుపడే యాప్ కోసం ఇంకో సౌకర్యం ఉంది: ఆ 35 అక్షరాలు చూపించి "దీని సంగతేమైంది?" అని స్విచ్‌ను అడగవచ్చు. చెక్ ట్రాన్సాక్షన్ అంటారు. మౌనానికి మందు అదే.

ఏప్రిల్ 12న ఆ మందే వికటించింది.

ఎన్‌పీసీఐ తర్వాత తేల్చిన కారణం ఇది. కొన్ని బ్యాంకుల కంప్యూటర్లు "సంగతేమైంది?" అన్న ప్రశ్ననే ఆపకుండా కురిపించాయి. అప్పుడే మొదలైన లావాదేవీల గురించే కాదు, పాతవాటి గురించి కూడా. ఒకసారి అడిగాక 90 సెకన్లు ఆగి అడగాలన్న నియమం అప్పటికే ఉంది. అది పాటిస్తున్నారా అని స్విచ్ దగ్గర చూసేవాడు లేడు.

ప్రశ్నే కదా, దానికేం ఖర్చు అనిపిస్తుంది. ఆస్పత్రి ల్యాబ్ కిటికీ దగ్గర నిలబడినవాళ్లకు తెలుసు దాని ఖర్చు. రిపోర్టులు రాసేదీ, "నాది అయిందా?" అన్నవాడికి రిజిస్టర్ తిరగేసి చెప్పేదీ ఒక్క మనిషే. ఆలస్యమయ్యేకొద్దీ అడిగేవాళ్లు పెరుగుతారు, అడిగేవాళ్లు పెరిగేకొద్దీ ఆలస్యమవుతుంది. చివరికి ఆ మనిషి రోజంతా "ఇంకా కాలేదు" అని చెప్పడంతోనే సరిపెడతాడు. స్విచ్ పరిస్థితీ అంతే. ప్రతి ప్రశ్నకూ తన లెక్కల్లో వెతకాలి, తీసి చెప్పాలి. ఆ ఓపికంతా కొత్త చెల్లింపులు దాటించడానికి కావలసింది. చెల్లింపులు నెమ్మదించాయి. అప్పుడు పెండింగ్‌లు పెరిగాయి. ప్రతి పెండింగూ ఒక ప్రశ్న, పలకకపోతే ఇంకో ప్రశ్న. నూట ఇరవై రూపాయలు ఒకటే, దాని క్షేమసమాచారం అడిగేవి ఎన్నో.

దాడి ఎవరూ చేయలేదు. డబ్బు ఎవరూ కాజేయలేదు. ఆ ప్రోగ్రాం రాసిన మనిషి, ఎవరైతేనేం, తన ఖాతాదారు కోసమే రాసి ఉంటాడు: జవాబు రాకపోతే మళ్లీ అడుగు. ఒక్క యాప్‌లో చూస్తే శ్రద్ధే అది. ఒకే స్విచ్ ముందు అన్ని యాప్‌లూ అదే శ్రద్ధ చూపితే ముట్టడి అవుతుంది. పరీక్షల్లో ఇది బయటపడదు, ఎందుకంటే పరీక్ష పెట్టేటప్పుడు స్విచ్ ఆరోగ్యంగా ఉంటుంది, జవాబు మొదటిసారే వస్తుంది. ఆ వరుస, "మళ్లీ అడుగు" అన్నది, జబ్బు చేసిన రోజున మాత్రమే నడుస్తుంది.

ఇంటర్నెట్ ఇలాంటి జ్వరం ఒకసారి పడి లేచింది. 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కూ అక్కడి విశ్వవిద్యాలయానికీ మధ్య సమాచారం పారే వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. రెండు చోట్లకూ మధ్య దూరం 400 గజాలు. కాగితం చేత్తో పట్టుకుని నడిచి వెళ్తే ముందు చేరేది! కారణం తవ్వినవాడు వాన్ జేకబ్‌సన్. పంపిన ప్యాకెట్‌కు రసీదు ఆలస్యమైతే, పోయిందేమో అనుకుని కంప్యూటర్లు మళ్లీ పంపుతున్నాయి. అవి పోలేదు, దారిలో ఇరుక్కున్నాయి. మళ్లీ పంపినవి వాటి వెనకే ఇరుక్కుంటున్నాయి. దారి కిక్కిరిసిన కొద్దీ అందరూ ఇంకా ఎక్కువ పంపుతున్నారు. 1988లో జేకబ్‌సన్ రాసిన పత్రంలో ఉపాయం ఉంది: జవాబు రాలేదంటే వేగం తగ్గించు, నెమ్మదిగా మొదలుపెట్టి, దారి తెరుచుకుంటున్న కొద్దీ పెంచు. ప్రతి విఫలయత్నానికీ ఎదురుచూపు రెట్టింపు చెయ్యి. ఈ రోజు మన ఫోన్‌లో వీడియో ఆడుతోందంటే ఆ సంయమనం వల్లే.

నలభై ఏళ్ల కిందటి ఈ పాఠం నెట్‌వర్క్ అడుగు పొరలో శిలాశాసనంలా ఉంది. దాని మీద కట్టిన మేడల్లో ప్రతి ఒక్కరూ మళ్లీ కొత్తగా నేర్చుకుంటున్నారు. కాలేజీలో చదివే ఉంటారు, పరీక్షలో రాసే ఉంటారు. ఆఫీసుకొచ్చి, శుక్రవారం గడువు ముందు, "మళ్లీ అడుగు" అని ఒక్క వరుస రాసి ఇంటికి పోతారు.

సాయంత్రానికి యూపీఐ తేరుకుంది. ఉప్పల్ స్టేడియంలో ఆ రాత్రి పంజాబ్ పెట్టిన 246 పరుగుల లక్ష్యాన్ని సన్‌రైజర్స్ ఛేదించింది. అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141 కొట్టాడు. ఊరంతా మాట మార్చేసింది. నూట ఇరవై రూపాయల తగువును గుర్తుపెట్టుకునేది తగువులో ఉన్న ఇద్దరే.

ఎన్‌పీసీఐ మాత్రం మరవలేదు. వరసగా ఉత్తర్వులు వచ్చాయి. సంగతేమైందని అడగాలంటే మొదట 90 సెకన్లు ఆగాలి, రెండు గంటల్లో మూడుసార్లకు మించకూడదు. జూన్ 16 నుంచి బ్యాంకులు జవాబిచ్చే గడువులు కుదించారు: డబ్బు తీయడానికీ వేయడానికీ 30 సెకన్లు ఉన్నది 15 అయింది, సంగతి అడిగితే చెప్పడానికి 30 ఉన్నది 10 అయింది. జవాబు త్వరగా రావాలి కాబట్టి 90 సెకన్ల ఆగుడు కూడా 45 నుంచి 60కి తగ్గింది. మే 21 నాటి ఉత్తర్వు ఇంకా ముందుకు వెళ్లింది. ఒక యాప్‌లో రోజుకు 50 సార్లకు మించి బ్యాలెన్స్ చూడకూడదు. నెలనెలా కట్ అయ్యే ఆటోపే వాయిదాలు ఉదయం 10 నుంచి 1 దాకా, సాయంత్రం 5 నుంచి తొమ్మిదిన్నర దాకా నడవకూడదు. జులై నెలాఖరుకల్లా అందరూ దారికి రావాలనీ, రాకపోతే చర్య తప్పదనీ చెప్పింది. రోజుకు 50 సార్లు బ్యాలెన్స్ చూసేదెవరని నవ్వొచ్చు. బాక్స్ మోగని బండివాడు చూస్తాడు. బేరానికోసారి.

నా మటుకు అసలు మందు ఈ గడువులు కాదు. స్విచ్ దగ్గర కాపలా పెట్టడం. 90 సెకన్ల నియమం ముందూ ఉంది. నియమాన్ని అవతలివాడి మంచితనానికి వదిలేశారు. పెద్ద బ్యాంకు రాసిన ప్రోగ్రామే అయినా, దాని తొందరకు గేటు వేయాల్సింది ఇటువైపే.

ఇక ఆ నూట ఇరవై. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మనిషికి మనిషి పంపిన డబ్బు కట్ అయి అవతలికి చేరకపోతే మరునాటికల్లా వెనక్కి పడాలి. కొట్టువాడికి కట్టినదైతే ఐదు రోజులు. లెక్క క్యాలెండర్ తేదీలతోనే, సెలవులు మినహాయింపు కాదు. దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం, అదీ ఖాతాదారు అడగకుండానే వేయాలి. తండ్రి ఏప్రిల్ 17 దాకా ఆగితే సరిపోయేది.

ఆగలేదు. ఎవరు ఆగుతారు? భుజం మీద పిల్లవాడు, చేతిలో కొట్టిన బొండాలు, ఎదురుగా బండివాడి అనుమానపు చూపు.

"ఇంకో దాంట్లో కెళ్లి కొట్టి సూడన్నా."

ఇంకో యాప్ తెరిచి మళ్లీ నూట ఇరవై కొట్టాడు. ఈసారి బాక్స్ మోగింది. మొదటిదీ చేరే ఉంది. బండివాడి బ్యాంకు డబ్బు వేసేసింది, వేశానన్న కబురే సాయంత్రం దాకా ఎక్కడో ఇరుక్కుపోయింది. స్విచ్ లెక్కలో రెండూ సక్రమమైన చెల్లింపులే: రెండు వేర్వేరు 35 అక్షరాల సంఖ్యలు, రెండుసార్లు కొట్టిన పిన్, రెండు విజయాలు. ఒకే సంఖ్య రెండుసార్లు వస్తే పట్టుకునే ఏర్పాటు ఉంది కానీ, ఒకే బొండాలకు రెండుసార్లు కట్టినవాణ్ని పట్టుకునే ఏర్పాటు లేదు. విఫలం కాలేదు కాబట్టి వెనక్కి రాదు, పరిహారమూ లేదు. ఆ రెండో నూట ఇరవై కావాలంటే అతను మళ్లీ కోఠి వెళ్లి, ఆ బండి ఇంకా అక్కడే ఉంటే, రెండు రిఫరెన్స్ నంబర్లూ చూపించి బండివాణ్నే అడగాలి.